అడ్డం పెట్టిన చెయ్యి

సిరొంచ దవాఖాన వెనక వరండాల
పాత మరాఠీ పేపర్ల మీద
ప్రాణహిత ఇసుక ఇంకా రాలుతున్న బొక్కలు.
నాగపూర్ నుంచి వచ్చిన డాక్టరమ్మ
ఒక్కోటి బ్రష్షుతో తుడిచి చెప్తది మరాఠీల.
బయట కూసున్నోళ్లకు తెలుగు చేసుడు నా పని.

ఆడమనిషే, నడుము బొక్క వెడల్పు చూడు.
మెడ కింది బొక్క కొస ఇప్పుడిప్పుడే అతికింది,
ముప్పై నిండి ఉండయి.
ముందుపండ్ల అంచుకు సన్నటి గాడి,
ఏండ్లకేండ్లు దారం కొరికింది.
"బీడీలా?" అన్న.
"వలలు కూడా కావచ్చు. తెల్వనిది తెల్వదనే రాయి."

ఇంతవరకు గడగడ చెప్పిన.
గోడకానుకొని దుర్గం లస్మక్క
మాట మాటకు తలూపింది.
అల్లుడు సెల్లు చూసుకుంటున్నడు.

తర్వాత ఎడమ ముంజేతి బొక్కను
కిటికీ వెలుగుకు పట్టిందామె.
నడిమిట్ల ఉబ్బు, విరిగి అతికిన చోటు.
దాని పక్కనే ఇంకోటి, ఇంకా పాతది.
"చెయ్యి ఎన్నడన్న విరిగిందా, అడుగు."

"ఇప్పపూలకు పోయి పడ్డది" అన్నడు అల్లుడు.

లోపలికొచ్చి అదే చెప్పిన.
డాక్టరమ్మ అరచెయ్యి నేలకు ఆనిచ్చి చూపింది.
"పడితే ఎక్కువగా మణికట్టు పోతది.
ఇక్కడ విరగాలంటే..."
లేచి నిలబడి
తన మొఖానికి తన చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మరాఠీల చిన్న మాటే అది.
గడప దాటి బయటికొచ్చిన.
లస్మక్క నా నోరు దిక్కు చూస్తాంది.
తెలుగు దొరకలే.
ఊకెనే చెయ్యి లేపి
మొఖానికి అడ్డం పెట్టుకున్న.

అల్లుడు సెల్లు జేబుల పెట్టిండు.