కొసరు

కిసుములో, రైలు పట్టాల అవతల
మాదొక రేకుల షెడ్డు.
విరిగిన చక్రాల కుర్చీలు బాగుచేసి
నడవలేనివాళ్ళకి ఇస్తాం.
‘ఉచితం’ అని గోడ మీద
నీలం రంగుతో రాసింది నేనే.

ఆ ఏడు దాతల ఉత్తరం రాలేదు.
డబ్బాలో మిగిలినవి మూడు ట్యూబులు.
మెకానిక్ న్యాంగ్వెసో తన సైకిల్ చక్రం విప్పి
ఎవరి కుర్చీకో బిగించి
నడిచి ఇంటికి పోయాడు.

అప్పుడొచ్చింది అపొండి,
సరస్సు ఒడ్డున ఎండు ఒమెనా చేపలు అమ్మే మనిషి.
నడుముకి నాణేల సంచి, మాటకి ముందు చేయి.
తమ్ముడి కుర్చీ కోసమని వచ్చి
మా లెక్కల పుస్తకం తిరగేసింది.
"ఎన్ని ఇచ్చారో రాశారు.
ఎన్ని తిరుగుతున్నాయో ఏదీ?"

నివేదిక చూపించాను,
రంగు ఫోటోలు, అందరూ నవ్వుతున్నవి.
"ఇది పెళ్ళి ఆల్బం," అంది.
"కాపురం సంగతి చెప్పు."

నా దగ్గర కొన్నావిడ రెండోసారి రాకపోతే
ఆ రాత్రి నాకు ముద్ద దిగదు, అంది.
ఇసుక తగిలిందా, కొలత తగ్గిందా,
నా నోరే జారిందా అని.
మీరేమో రెండోసారి రానివాళ్ళని
బాగుపడ్డవాళ్ళ కింద రాసుకుంటున్నారు.

నెలకి ఇరవై షిల్లింగులు పెట్టమంది.
బీదవాళ్ళ దగ్గరా, అని నేను లేచాను.
"కూర్చో.
దానమొచ్చిన గేదె పళ్ళు ఎవరు ఎంచుతారు?
డబ్బిచ్చినవాడికి నోరొస్తుంది."

గోడకి సున్నం కొట్టాం.
నీలం ఇప్పటికీ కొంచెం కనిపిస్తుంది.

మూడో వారం, ఒకప్పుడు పడవ నడిపిన ఒగుటు
కర్రతో తలుపు బాదాడు:
"ఇరవై ఇచ్చాను! ఎడమ చక్రం ఏడుస్తోంది!"
నాలుగేళ్ళుగా ఏడుస్తోందట.
న్యాంగ్వెసో గ్రీజు పూస్తూ
పెళ్ళికొడుకులా నవ్వాడు.

ఇద్దరు మాత్రం రావడం మానేశారు.
అపొండి చేపల పొట్లాలతో వాళ్ళ గడపలెక్కింది.
ఒకరే తిరిగొచ్చారు.

డబ్బాతో కొలిచి పోశాక
పైన పిడికెడు ఎందుకు వేస్తావని
ఓసారి బజార్లో అడిగాను.
"డబ్బా వరకు వ్యాపారం. అది నాకు తెలుసు.
ఆ పిడికెడు ఏమిటో నువ్వే చెప్పాలి,
మీ పని అదే కదా."
జవాబు దొరకలేదు నాకు.

అక్టోబరులో ఆకెయో వాళ్ళమ్మ
చిన్న కుర్చీ తోసుకుంటూ వచ్చింది.
సీటు కడిగి ఉంది. చువ్వలు కూడా తుడిచింది.
కొంగు ముడి విప్పి ఇరవై షిల్లింగులు బల్ల మీద పెట్టి
"ఈ నెల పదకొండు రోజులు వాడింది," అంది.

మా పుస్తకంలో దానికి గడి లేదు.
వద్దమ్మా, తీసుకెళ్ళు అనబోయాను.
అపొండి నా కాలు తొక్కింది.
నాణెం తీసుకుంది.
పాప పూర్తి పేరు అడిగి, ఒక్కో అక్షరం పలికిస్తూ
రసీదు రాసింది.
తర్వాత బుట్ట ముందుకి లాగి
ఒక డబ్బా కొలిచి పోసింది,
పైన పిడికెడు,
ఇంకో పిడికెడు,
కాగితం చిరిగేదాకా.

ఆమె పొట్లం చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.
పట్టాలు దాటేదాకా చూశాం.
ఖాళీగా ఉన్న రెండో చేయి
ఇంకా ముందుకే చాచి ఉంది,
గతుకులొచ్చినచోట కాస్త పైకెత్తుతూ.