రెండంగుళాలకు నూలు తక్కువ

కడప పాత బస్టాండు వెనక
పాలిష్ ఫ్యాక్టరీలు పారేసిన బండముక్కలతో
పీరాన్ మేస్త్రి లేపిన గదుల వరస.
గేటు తాళంచెవి నా దగ్గరుంటుంది.

గదంటే గది కాదు.
ఆరున్నర అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు,
పక్కన ఇంకొకరి దగ్గు.
తలుపు బదులు గోనెపట్టా.
రాత్రికి ఐదు రూపాయలు.
లేనోళ్ళు రేపిస్తాలేప్పా అంటారు.
ఆ మాట నా నోటుపుస్తకంలో
పదకొండు పేజీలు పండుకోనుంది.

ఖర్చెంతయిందని సార్లొచ్చి అడిగినారు.
మేస్త్రి వేళ్ళమీద చెప్పినాడు:
సిమెంటు, రేకులు, రెండు ట్రాక్టర్ల ఇసుక,
కూలోళ్ళ టీలు.
మరి బండలకు?
ఊరికే వచ్చినాయి సార్,
అంచు పగిలినాక ఎవరు కొంటారు?

పగలంతా కాగిన బండ
అర్ధరాత్రి దాకా వేడి కక్కుతుంది.
చౌడమ్మ చెంబుడు నీళ్ళు చల్లి
ఆవిరి పోయేదాకా గొంతుక్కూర్చుంటుంది,
సీసాల మూటను పక్కనే పడుకోబెట్టి.
దీనికి గూడా దుడ్లడుగుతావా అంటుంది.
అడగను.

నిన్న ఒక కొత్తాయన వచ్చినాడు.
పేరు ఓబులేసు. ఊరు?
కాసేపు ఆగి, ఏదో ఒకటి రాసుకో అన్నాడు.
కుడిచేతికి రెండు వేళ్ళు లేవు.
పండుకోలేదు.
చీకట్లో బండను అరచేత్తో తడుముతున్నాడు,
సంతలో ఎద్దు వీపు తడిమినట్టు.

ఏం పెద్దాయనా, నల్లులా?

'నిడుజివ్వి రాయి ఇది. కింది పొర.
రెండంగుళాలకు నూలు తక్కువ.
ఈడ ఉలి జారింది, చూడు.'

టార్చి వేసినాను.
ఉంది, గోటితో గీరినంత గీత.
ఎవరి ఉలి అని నేనడగలేదు.

'పొర ఊడేటప్పుడు రాయి ఒక్కసారి ఊపిరిడుస్తుంది.
ఎంత ఎండలోనైనా సల్లగా మొగానికి తగుల్తుంది.
ఇరవై ఏండ్లు తీసినా.
ఎవరెవరి నట్టిండ్లలో పరిచినారో,
చెప్పులిడిచి ఒక్కదాని మీద నిలబడింది లేదు.'

ఆ తర్వాత గురక వినపడింది,
ఆయనదో, అవతలాయనదో.

తెల్లారి ఐదు రూపాయల బిళ్ళ
నా పుస్తకం మీద పెట్టినాడు.
చెప్పులు చేతబట్టుకొని
వరస ఈ కొస నుంచి ఆ కొస దాకా
ఒట్టి కాళ్ళతో నడిచినాడు, ఏమీ తొందర లేకుండా.
గేటు దగ్గర వెనక్కి తిరిగి
'మేస్త్రికి చెప్పు,
మూడో బండ కింద ఇటుక కదుల్తాంది' అన్నాడు.