నిచ్చెన రిజిస్టరు

మా మునిసిపాలిటీలో డి-3 సెక్షనంటే
ఒక బల్ల, రెండు బీరువాలు, నేను.
పుస్తకాలు, ఆటలు, కళలు
మూడూ ఒకే ట్యాగుకి గుచ్చిన ఫైళ్ళు.
ఇంటిపన్నులో గ్రంథాలయం పేర కొన్ని పైసలొస్తాయి,
అంటే, వచ్చినట్టు కాగితం వస్తుంది.
ఆటస్థలానికి గట్టు మీది కొబ్బరికాయల వేలం,
కళామందిరానికి పెళ్ళిళ్ళ అద్దె.
మూడింటికీ కలిపి నిచ్చెన ఒక్కటే.

పద్దెనిమిది మెట్ల వెదురు నిచ్చెన.
దానికో రిజిస్టరు, గళ్ళు నేనే గీశాను:
తీసుకున్నవారు, ఏ పనికి, ఎన్నింటికి, తిరిగొచ్చిన వేళ.
మోసేది పితాని సత్తిపండు.
"ఆయ్, తెస్తన్నానండీ" అని
లాకు దిగువ నుంచి ముందు కేక వస్తుంది,
తర్వాత సందు మలుపులో నిచ్చెన కొస,
చాలాసేపటికి మనిషి.

పొద్దున గ్రంథాలయానిది.
మెహరున్నీసాగారు పై అరల్లో చెదలు వెతికి
కలరా ఉండలు పెట్టి దిగుతారు.
మధ్యాహ్నం మైదానానిది.
నేలపూడి ఏసుదాసు మాస్టారు స్తంభమెక్కి
లైటు డొప్పలో తేనెటీగల్ని బతిమాలతాడు.
దిగొచ్చి, ఊబైన కబడ్డీ కోర్టుకి లారీడు ఇసుక కోసం
నాకు పద్నాలుగో అర్జీ రాస్తాడు.
సాయంత్రం కళామందిరానిది.
హార్మోనీ వాసా సూరన్నకి ఎత్తంటే భయం.
కింద నిలబడే తెర తాడుకి శ్రుతి చెబుతాడు:
"ఇంకాస్త పైకి... ఆఁ, మధ్యమం దాటావు, దించు."

కార్తీకంలో ఒక శుక్రవారం
మూడూ ఒకే గంటకి అడిగారు.
ఆడపిల్లల కబడ్డీ ఫైనల్, లైటు పోయింది.
పద్యనాటకం, తెర సగంలో ఇరుక్కుంది.
చేపల చెరువు కాపలాదారు కూతురు గెల్లా పావనికి
పై అరలో ఏదో పుస్తకం కావాలి.
రూలు ప్రకారం రుసుం కట్టినవాళ్ళు ముందు.
చదువుకి రుసుం లేదు,
అంచేత వరసలో ఆఖరు.
కానీ నిచ్చెన అప్పటికే అక్కడుంది,
పిల్ల అప్పటికే పైనుంది.

పుస్తకం తీసింది. దుమ్ము ఊదింది.
దిగలేదు.
పదకొండో మెట్టు మీద కూర్చుని
ఒక కాలు గాల్లోకి వదిలేసి
చదువుకుంటోంది.

ఏసుదాసు వచ్చాడు, మెడలో ఈల, మోకాళ్ళ దాకా బురద.
పైకి చూశాడు. నోరు తెరిచాడు.
వెనక్కెళ్ళి చెప్పులు బయట విడిచి మళ్ళీ వచ్చాడు.
సూరన్న వచ్చాడు, జారిన కండువా చేత్తో పట్టుకుని.
కాసేపటికి చూస్తే ఇద్దరూ
నిచ్చెన కదలకుండా చెరో పక్కా పట్టుకున్నారు.
"ఏం పుస్తకమమ్మా?"
"మడచెట్ల గురించండి. ఉప్పునీళ్ళలో ఎలా బతుకుతాయో."
"చాలా ఉందా?"
"నలభై పేజీలండి."

ఆ రాత్రి పదహారు మోటారుసైకిళ్ళు
కోర్టు చుట్టూ హెడ్‌లైట్లు వేసుకుని నిలబడ్డాయి.
మన పిల్లలు ఓడారు, రెండు పాయింట్లే.
కళామందిరంలో తెర మోకాళ్ళ దాకా లేచి ఆగింది.
రాజుగారి పాదాలే పద్యం పాడాయి.
ముందు నవ్వారు జనం.
మూడో పద్యానికి ఆ పాదాలకే వన్స్‌మోర్ కొట్టారు.

తిరిగొచ్చిన వేళ గడి ఖాళీగా వదిలాను.
మార్చిలో ఆడిటరు అక్కడే వేలు పెట్టాడు.
"ఎందుకు రాయలేదు?"
"పిల్ల దిగలేదండి."
ఎర్రసిరాతో అదే రాసుకున్నాడు, అభ్యంతరం నంబరు తొమ్మిది.

దానికి జవాబుగా
అల్యూమినియం నిచ్చెనలు మూడు మంజూరయ్యాయి.
ఎవరిది వాళ్ళకి.
సత్తిపండుని కొళాయిల సెక్షనుకి వేశారు.
పనులు చకచకా అయిపోతున్నాయి, కాదనను.
ఏసుదాసు మాస్టారు లైబ్రరీ గుమ్మం తొక్కి ఏడాదయింది.
సూరన్న ఎదురుపడితే
తల ఊపి వెళ్ళిపోతాడు.

వెదురుదాన్ని వెనక ప్రహరీకి చేరేశాం.
మెహరున్నీసాగారు దాని కింద నాలుగు బీరగింజలు పెట్టారు.
నిన్న చూద్దును కదా, తీగ ఏడో మెట్టు మీదుంది.
లోపలికొచ్చి రిజిస్టరు దుమ్ము దులిపి
ఒక వరస రాశాను.
తీసుకున్నవారు: బీరపాదు.
ఆఖరి గడి వదిలేశాను.