కడుపుల సల్ల

సజా క్యాంపుల పదకొండో నంబరు రూము.
మూడు ఇనుప మంచాలు, కిందా మీదా ఆరుగురం,
నా కడుపు ఏడో మనిషి.
రాత్రి అందరు పండుకున్నంక అదొక్కటే మాట్లాడుతది.

ముందుగాల ఉట్టి మంటే అనుకున్న.
గులాబి రంగు మందు, రెండు మూతలు.
తర్వాత నిద్ర పోయింది.
తర్వాత ముచ్చట పోయింది.
పద్నాలుగో అంతస్తు పరంజి మీద నిలవడితె
కింద బస్సులు చిన్నగ కనవడుడు,
చిన్నగున్నయి అని తప్ప
ఇంకో ఆలోచనే రాకపోవుడు.

ఫోన్ల "తిన్నవా" అని అడుగుతరు.
తిన్న.
పొద్దుగాల కుబూసు, పగటికి కుబూసు,
రాత్రికి డబ్బా చేపతోటి నిన్నటి కుబూసు.
అండ్ల అబద్ధమేం లేదు.

క్లినిక్కుల మలయాళీ డాక్టరమ్మ
వచ్చీరాని హిందీల చెప్పింది:
పేగులకు వాటి నరాలు వాటికున్నయట,
అక్కడికెళ్లి తలకాయకు ఒక తీగ పోతదట,
మీదికెళ్లి కిందికొచ్చె కబుర్లకన్న
కిందికెళ్లి మీదికి పోయేటియే ఎక్కువట.
నేను ఎలక్ట్రీషియన్ను. తీగ సంగతి నాకు చెప్పాల్నా?
కింద తుప్పు పడితె మీద బల్బు మినుకుతది.

మా దిక్కు ఈ ముచ్చట ఎన్నడో ఎరుక,
ఎరుకైన సంగతే ఎరుక లేకుంట మాట్లాడుకుంటం.
తప్పు చేస్తె కడుపుల పెట్టుకో అంటం,
కన్నీళ్లు చూస్తె కడుపు తరుక్కుపాయె అంటం,
సుఖంగున్నోన్ని చూసి
కడుపుల సల్ల కదలకుంట బతుకుతుండు అంటం.
ఆ సల్లనే నాకు లేదు.

రాజలింగు వంటోడు గాదు, సీకులు వంచుతడు.
జొన్నపిండి తెచ్చుకున్నడు, కస్టమ్సోడు రెండుసార్లు వాసన చూసిండట.
గటుక కాసి, చల్లార్చి,
లబన్ సీసల అడుగున మిగిలింది తోడేసి,
గిన్నె మీద నా హెల్మెట్ బోర్లిచ్చి
ఏసీ గాలి తగలకుంట తలుపు బయట పెట్టిండు.
పగలు మమ్మల్ని గోలిచ్చిన వేడి
రాత్రి దానికి మంత్రసానైంది.
తెల్లారెవరకు బుడగలు.
"ఇండ్ల లచ్చలమంది ఉన్నరు తమ్మీ,
వీసా లేకుంట నీ లోపటికి పోతున్నరు.
జర జాగ ఇయ్యి."
ఉల్లిగడ్డ కొరుక్కుంట తాగిన.

అంబలి మంత్రం గాదు.
ఏజెంటు అప్పు అట్లనే ఉన్నది,
డాక్టరమ్మ గోలీలు మానలె.
మొదటి వారం గ్యాసు, మీది మంచం ఇస్తారి బూతులు.
నడుమల రాజలింగును వేరే సైటుకు మార్చిన్రు.
పోతపోత తోడు సగం నాకు ఉంచిపోయిండు,
పాత జాము సీసల.

పన్నెండో దినమో, పదమూడో.
పరంజి మీద కింద బస్సులు లెక్కవెడుతున్న,
తొమ్మిది, ఒకదానికి అద్దం పలిగింది,
డ్రైవరు టైరును తంతుండు.
నవ్వొచ్చింది. ఎన్కనే ఆకలైంది,
కడుపు మంట గాదు, ఆకలి.

ఆ రాత్రి "తిన్నవా" అంటె
ఏం తిన్ననో చెప్పిన.
రీచార్జి అయిపోయేదాక చెప్పిన.