మూడున్నర గంటలు

చినాత్సు అంటే వెయ్యి వేసవులట.
మద్రాసులో ఒక్కటి చాలదూ, అంది మా అమ్మ
నిమ్మకాయ పిండుతూ.

కీల్పాక్‌లో మా పై అంతస్తు.
వాళ్ల నాన్న ఇంకా చీకటుండగానే
ఒరగడం కార్ల ఫ్యాక్టరీకి వెళ్లిపోతాడు.
తను నాకంటే నాలుగు నెలలు పెద్ద.
తన స్నేహితులు మాత్రం ఎప్పుడూ
మూడున్నర గంటలు ముందుంటారు.

మేం రాత్రి కంచాలు పెట్టుకునే వేళకి
నగోయాలో రేపటి పుట్టినరోజులు మొదలైపోతాయి.
ఫోన్ వణుకుతుంది.
కవరు వెనక ఇరుక్కున్న నలుగురు అమ్మాయిలు
తలా రెండు వేళ్లు చూపిస్తూ
ఇంతింత కళ్లతో వణుకుతారు.
ఫోటో తీసే డబ్బానే కళ్లనలా పెద్దవి చేస్తుందట.

నా పేరు రాయమన్నాను.
వకుళ వాళ్ల అక్షరాల్లో ఇమడలేదు,
బకురా అయింది.
బాగానే ఉంది, ఎవరో కొత్త పిల్ల.

మాట మాటకీ చివర 'నే' అంటుంది.
ఉక్కగా ఉంది, నే.
కాకి మళ్లీ వచ్చింది, నే.
'కదా' అని అర్థమట.
మాకు 'నే' అంటే నేను, అన్నాను.
చాలాసేపు నవ్వి
వచ్చిన నాలుగు తెలుగు ముక్కల్తో
"కాకి వచ్చింది, నేను" అంది.

మార్చి ఒకటి, పొద్దున ఆరున్నర.
నాకు మర్నాడు ప్లస్ టూ లెక్కల పరీక్ష.
మేడ మీద నీళ్ల ట్యాంకుల మధ్యకి
పాత స్కూలు యూనిఫాంలో వచ్చింది:
నీలం కోటు,
నడుం దగ్గర రెండు మడతలేసి పొట్టి చేసిన స్కర్టు.
టీచరు ఎదురైతే ఒక మడత విప్పేవాళ్లట.
నేను నైటీలో ఉన్నాను, చేతిలో ఆవిన్ పాల ప్యాకెట్టు.

ఫోన్‌ని బట్టల తీగకి క్లిప్పులతో బిగించాం.
తెరలో వాళ్ల స్కూలు హాలు, వరస కుర్చీలు.
ఒక్కో పేరే పిలుస్తున్నారు.
"హై" అంటూ ఒక్కొక్కరే లేస్తున్నారు.
మియాకే అయ్యాక మొరి వచ్చేసింది.
ఆ రెంటి మధ్యా ఉండవలసిన తను
కోటు సర్దుకుని నిలబడే ఉంది.

ఏం తోచిందో,
మురాసె చినాత్సు, అని పిలిచాను నేను.
పెదవులు కదిలాయి.
అప్పుడే సందులోకి నీళ్ల లారీ వచ్చింది,
హారన్‌లో ఆ "హై" నాకు వినబడలేదు.
కింద బిందెలు, వాచ్‌మన్ కేకలు.
తెర మీద పాట సగంలో గడ్డకట్టింది.

నెయిల్ కట్టర్‌తో రెండో గుండీ తెంపి నా చేతిలో పెట్టింది.
అక్కడ మగపిల్లలిస్తారట, ఇష్టమైన వాళ్లకి,
అది గుండెకి దగ్గరని.
తన కోటుకి అది పొట్ట దగ్గరే ఉంది.
గుండీ, గుండె, అని మా మాటలు రెండూ చెప్పాను.
అయితే తెలుగువాళ్లకి ముందే తెలుసు, నే, అంది.

జామెట్రీ బాక్సులో దాచాను.
అమ్మ చూసింది. ఏ చొక్కాదే ఇది, అంది.
సూదీ దారం ముందేసుకుని
ఇంట్లో చొక్కాలన్నీ తిరగేస్తోంది.