సున్నపు లెక్క

వీస్బీ కోటగోడకి నేను తాపీ మేస్త్రీని.
ఏడువందల ఏళ్ళ రాళ్ళ సందుల్లో
చచ్చిన గచ్చు గీకి, కొత్తది కూరతాను.
గుల్ల సున్నం నీళ్ళలో పడితే
ఎలా ఉడుకుతుందో నాకు తెలుసు.
నా ఒంట్లో ఉడికిందే తెలియలేదు.

మూడో నెల. కక్కుకుంటున్నాను.
అందరూ కక్కుకుంటారన్నారు.
దాహం.
రాత్రి నాలుగుసార్లు లేచి కుళాయికి నోరు పెట్టేదాన్ని.
ఉప్పుచేప మానెయ్యి, అన్నాడు బిర్యెర్.
ఒకరోజు నిచ్చెన మూడో మెట్టు మీద కూర్చుని
దేనికీ కాకుండా ఏడ్చాను,
కింద జర్మన్ యాత్రికులు గోడతోపాటు
నన్నూ ఫొటో తీసుకుంటుంటే.

మంత్రసాని మాయ్-లిస్‌కి అరవై మూడేళ్ళు.
ఎవరూ అడక్కుండానే ఒక గొట్టం రక్తం ఎక్కువ తీసింది.
మర్నాడు ఏడింటికే ఫోను:
"కాల్షియం రెండు పాయింటు తొమ్మిది.
బలానికని కొన్నావే, ఆ మాత్రలు పారెయ్.
నీళ్ళు తాగు, ఇంకా తాగు. ఇవాళే రా."
కాల్షియం అంటే సున్నమేగా, అన్నాను.
సున్నమే, అంది.

మెడలో, థైరాయిడ్ వెనక,
నాలుగు గింజలుంటాయట, పెసరగింజంతేసి.
ఒంట్లో సున్నానికి అవే కాపలా.
ఎడమవైపు కిందిది మాత్రం బాదంపప్పంత ఊరి
కాపలా మాని కన్నం వేసింది.
ఎముకలో సున్నం మిగలకుండా
నన్నెవరో కొడుతూనే ఉన్నారు,
లోపల్నించి, ఒక్క దెబ్బా వినపడకుండా.

డాక్టర్ షహ్లా మెడ మీద చల్లటి జెల్లు రాసి వెతికింది.
ఇంతకంటే బాగా చూపించే యంత్రముంది,
కడుపుతో ఉన్నదానివి, నీకు వద్దంది.
అదే చేత్తో పొట్ట మీదికి దిగింది.
రెండు నల్లటి బొమ్మలు:
పెరగకూడనిదొకటి, పెరగాల్సిందొకటి.

ఇప్పుడే కోయొద్దు, మరీ ఆగొద్దు,
నాలుగు నిండి ఐదు నడిచేప్పుడు కోద్దాం, అంది.
ఇది నాకు ఎవరూ విడమర్చనక్కర్లేదు.
మంచులో గచ్చు పట్టదు,
ఎండ ముదిరితే పగుళ్ళిస్తుంది.
ఆ మధ్య వారాల్లోనే తాపీ తియ్యాలి.

అప్పుడడిగాను.
పోయినసారిది, పద్నాలుగో వారంలో పోయింది.
"అలా అవుతుంటుంది" అని ఇంటికి పంపారు.
ఆ ఒక్క గొట్టం అప్పుడెవరూ తియ్యలేదు.

షహ్లా కళ్ళజోడు తీసింది.
"అయుండొచ్చు. అవునని చెప్పలేను.
కాదనీ చెప్పలేను."
బిర్యెర్ కిటికీ దగ్గరికెళ్ళి
జేబులోంచి పార్కింగు చీటీ తీసి
చాలాసేపు చదివాడు.

పద్దెనిమిదో వారం ఓడెక్కాం, స్టాక్‌హోమ్‌కి.
మూడు గంటల సముద్రం, నాలుగు సీసాల నీళ్ళు,
లెక్కలేనన్నిసార్లు పాయిఖానా.

కోత బొటనవేలంత.
గింజ తీసి, పది నిమిషాలాగి,
మళ్ళీ రక్తం చూశారట, హార్మోను పడిందా అని.
పడింది.

ఆ రాత్రి పెదాల చుట్టూ చీమలు పాకాయి.
మిగతా మూడు గింజలూ ఇంకా నిద్ర లేవలేదు,
నీ ఎముకలు ఆకలి మీదున్నాయి, అంది నర్సు.
పారేసిన మాత్రల్లాంటివే అరచేతిలో పెట్టింది.
నవ్వొచ్చింది. కుట్లు లాగాయి.

సెప్టెంబరులో ఇల్వ పుట్టింది.
తల్లి సున్నానికి అలవాటు పడ్డ పిల్ల
బయటికొచ్చాక వణకొచ్చునని
మూడు రోజులు మడమ గుచ్చి చూశారు.
వణకలేదు. గుచ్చినప్పుడల్లా
వార్డు మొత్తం లేచేలా తిట్టింది.

మళ్ళీ గోడ దగ్గరికొచ్చాను.
మెడ మీద గీత, మఫ్లరు కింద.
ఎముకలకి ఎన్ని వారాలు పడుతుందో అడిగితే
తాపీగా పూడతాయి, అంది మాయ్-లిస్.

తూర్పు బురుజు పక్కన ఒక సందుంది,
నా బొటనవేలు పట్టేంత.
రెండేళ్ళుగా దాన్ని చూసీ చూడనట్టు దాటిపోతున్నాను.
నిన్న వేలు పెట్టి చూశాను. లోపల పొడిగా, చల్లగా ఉంది.
ఈ ఏటికి మంచు మొదలైంది, గచ్చు పట్టదు.
ఏప్రిల్లో చూద్దాం.