పదకొండు నిమిషాల బాకీ

మా వ్యాపకంలో ఊదడం మహాపాపం.
క్యాసెట్ పలక్కపోతే చిన్నప్పుడు
కన్నానికి నోరానించి ఉఫ్‌మనేవాళ్ళం కదా,
ఆ ఉమ్మితడికే లోపలి పళ్ళకి చిలుము పట్టిందని
ముప్ఫై ఏళ్ళకి తెలిసింది.
ఇప్పుడు నా జేబులో స్పిరిటు సీసా, దూదిపుల్లలు,
వింత తల ఉన్న స్క్రూడ్రైవరు.

ధర కట్టడం నాకు తెలుసు.
లేబులు చిరక్కపోతే ఒక రేటు,
అట్టపెట్టె కూడా ఉంటే మూడింతలు,
లోపలి కాగితం మడత నలగలేదంటే
ఫోనులో అవతలివాడి గొంతు వణుకుతుంది.
ఎండకి ప్లాస్టిక్ పసుపెక్కితే తరుగు.
తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఆటలని రాసుంటే
ఉండేవి ఏడే, తిప్పి తిప్పి అవే.
ఆ అబద్ధానికీ ఇవాళ గిరాకీ ఉంది.

ఏటుకూరు రోడ్డులో, మిర్చి కొట్ల వెనక,
జాకెట్లు కుట్టే షంషాద్ ఇంట్లో
ఒక గోనెసంచి ఉందంటే వెళ్ళాను.
మిషను కింద నుంచి కాలితో ఇటు తోసింది.
మూతి విప్పగానే నాలుగు తుమ్ములు.
గుంటూరులో ఏ పాతది కదిపినా
ముందు కారమే పలకరిస్తుంది.

నలభై రెండు క్యాసెట్లు.
ప్రతిదాని వీపునా ఎర్ర గోళ్ళరంగుతో అంకె.
రంగుంటే సగం ధర పోతుంది,
తుడిస్తే లేబులే పోతుంది,
అని లోలోపల కూడికలు తీసివేతలు చేస్తూ
పదిహేడు దగ్గర
ఆగిపోయాను.

అరండల్‌పేట. మెట్ల కింద గది.
నాగుల్‌మీరా గారి టీవీ గేముల కొట్టు,
గంటకి ఆరు రూపాయలు.
మూడో స్టేజిలో వంతెన కూలే చోట
రోజూ చచ్చేవాణ్ణి.
ఒకసారి, ఒకే ఒక్కసారి, సరిగ్గా దూకాను.
గాల్లో ఉన్నాను.
కరెంటు పోయింది.

చీకట్లో ఎవడో ఏడ్చాడు. నేనే.
ఆయన అగ్గిపుల్ల గీసి గడియారం చూసి
పుస్తకంలో ఏదో రాసుకున్నాడు.
మర్నాటి నుంచి నాకు ట్యూషను.

"ఆ రంగు మా అమ్మది" అంది షంషాద్,
"పిల్లకాయలు లాగుల్లో దోపుకుపోతుంటే గుర్తుకి పెట్టింది.
మీ పేరేంటన్నారు?"
చెప్పాను.
లోపలికెళ్ళి పొడుగు లెక్కల పుస్తకం తెచ్చింది.
సూదిపోట్ల వేలు పేర్ల మీదుగా దిగి దిగి నిలిచింది:
బ్రోడీపేట పొట్టి పున్నారావు. కరెంటు పోయె.
పదకొండు నిమిషాలు ఇవ్వవలె.

నేను గొంతు సవరించుకుని
సంచి మొత్తానికి పద్దెనిమిది వేలన్నాను.
అసలు రేటు దానికి రెట్టింపు.
"రేటు తర్వాత" అంది, "ముందు బాకీ."

డబ్బా టీవీ మీది కుట్టుగుడ్డలు తీసింది.
పదిహేడుని పెదాల దగ్గరికి తెచ్చుకుని
ఉఫ్‌మని ఊదింది.
నేనేమీ అనలేదు.

వంతెన దగ్గర
ఎప్పట్లాగే చచ్చాను.
"ఇటివ్వండి.
పొద్దున్నే కొట్టు ఊడ్చాక ఆడేదాన్ని,
మీలాంటోళ్ళు వస్తే లేచిపోవాలి."
తెర వంకైనా సరిగా చూడలేదు,
ఆమె బొటనవేలికే వంతెన తెలుసు.

దాని అవతల ఏముందో ఇన్నేళ్ళకి చూశాను.
నీలం గడ్డి. ఒక గుడిసె.
అంతే.
అయినా కళ్ళార్పలేదు.
పైన ఫ్యాను తిరుగుతూనే ఉంది,
కరెంటు పోతుందేమోనని
ఒళ్ళంతా చెవులై కూర్చున్నాను.

పదకొండు కాగానే మీట నొక్కేసింది.
బట్టల మీద గీసే సుద్దముక్కతో
నా పేరు మీద ఒక గీత,
దులిపితే పోయే గీత.
పుస్తకాన్ని మళ్ళీ మిషను సొరుగులో పెట్టింది.
ఇంకా చాలామందికి ఇవ్వాలట.

"ఇప్పుడు చెప్పండి, ఎంత?"
నోరు తెరిచాను.
తుమ్మొచ్చింది.
తుమ్మితే కాసేపు ఆగాలంటారు.
ఆగి,
అసలు రేటు చెప్పాను.